రెండు బిట్ల కబురు: విజయవాడలో ఒక క్వాంటం టెలిపోర్టేషన్ వర్క్‌షాపు ఎలా ఉంది?

విజయవాడలో ఒక శిక్షణ సంస్థ శని, ఆదివారాల్లో నిర్వహించిన ‘వైర్‌లెస్ నెట్‌వర్కుల్లో క్వాంటం టెలిపోర్టేషన్’ అనే రెండు రోజుల వర్క్‌షాపుకు 4,500 రూపాయలు కట్టి వెళ్లివచ్చాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక సంస్థను పొగడడమో తెగడడమో నా ఉద్దేశం కాదు. ఇలాంటి తరగతికి డబ్బు కట్టబోయేవారు ఏం అడిగి, ఏం చూసుకుని కట్టాలో చెప్పాలన్నదే ఉద్దేశం. నా గురించి ఒక్క మాట చెప్పాలి. టెలికాం శాఖలో మైక్రోవేవ్ స్టేషన్ల నిర్వహణలో పనిచేసి రిటైరయ్యాను. క్వాంటం భౌతికశాస్త్రం నాకు కొత్త, రేడియో మాత్రం పాత నేస్తం. కాబట్టి ఈ సమీక్షలో మొదటి దాని విషయంలో విద్యార్థిగాను, రెండో దాని విషయంలో కాస్త గట్టిగాను మాట్లాడతాను.

ముందుగా కరపత్రం సంగతి. అమరావతి క్వాంటం వ్యాలీ గురించి పత్రికల్లో వార్తలు మొదలైన తరువాత ఈ చుట్టుపక్కల ‘క్వాంటం’ అనే మాటకు గిరాకీ పెరిగింది. ఆ గిరాకీ ఈ కరపత్రం నిండా కనిపించింది. పైన వైఫై గుర్తు, కింద ఒక మనిషి మెరుపుల్లో కరిగి మరోచోట తేలుతున్న బొమ్మ, ఆ పక్కన ‘తీగలు లేకుండా, కాంతి కన్నా వేగంగా సమాచారం’ అన్న వాక్యం ఉన్నాయి. ఆ వాక్యంలో రెండు తప్పులున్నాయని వర్క్‌షాపు మొదటి పూటే తేలిపోయింది, తేల్చింది కూడా వాళ్ల బోధకురాలే. ఇంతకన్నా నిజాయితీగల బోధనను, ఇంతకన్నా అబద్ధాల కరపత్రాన్ని ఒకే సంస్థలో నేను చూడలేదు.

శనివారం ఉదయం తరగతి నేరుగా విషయంలోకి వెళ్లింది. టెలిపోర్టేషన్‌లో వస్తువు ప్రయాణించదు, దాని స్థితి మాత్రమే ఒక కణం నుంచి మరో కణానికి చేరుతుంది. చేరిన వెంటనే మొదటి కణంలో ఆ స్థితి ఉండదు, కాబట్టి ఇది జిరాక్సు కాదు, బదిలీ. బెనెట్, బ్రసార్‌లతో కలిపి ఆరుగురు శాస్త్రజ్ఞులు 1993లో ఈ పద్ధతిని కాగితం మీద చూపారు. 1997లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో జైలింగర్ బృందం కాంతి కణాలైన ఫొటాన్లతో ప్రయోగం చేసి చూపింది. ఈ చరిత్రను బోధకురాలు పది నిమిషాల్లో ముగించి, ‘ఇక కుర్చీల్లోంచి లేవండి’ అన్నారు. అక్కడి నుంచి గంటన్నర పాటు జరిగిన ఆట ఈ వర్క్‌షాపు మొత్తానికీ ప్రాణం. కట్టిన రుసుములో సగం నాకు అక్కడే గిట్టింది.

ఆట ఇది. మమ్మల్ని రెండు గదులుగా విడదీశారు. మొదటి గదిలో ఇద్దరికి ఒక ప్లాస్టిక్ బంతి ఇచ్చారు; దాని మీద స్కెచ్ పెన్నుతో ఒక బాణం గీసి ఉంది. ఆ బాణం దిక్కే పంపవలసిన ‘స్థితి’. రెండో గదిలో అలాంటి బంతే ఒక స్టాండు మీద ఉంది, కానీ దాని బాణం ఎటు ఉండాలో అక్కడి వారికి తెలియదు. మొదటి గదిలో సంచిలోంచి ఒక చీటీ తీస్తారు. దాని మీద 00, 01, 10, 11లలో ఏదో ఒకటి ఉంటుంది. ఆ రెండు అంకెలను ఫోనులో రెండో గదికి చెప్పాలి. 00 అయితే బంతిని ముట్టుకోనక్కరలేదు, 01 అయితే అడ్డంగా ఉన్న ఇరుసు చుట్టూ అర చుట్టు, 10 అయితే నిలువు ఇరుసు చుట్టూ అర చుట్టు, 11 అయితే రెండూ తిప్పాలి. తిప్పాక రెండు గదుల బంతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే బాణాలు ఒకే దిక్కున ఉంటాయి.

మూడు విడతలు ఇలా సాఫీగా జరిగాక, నాలుగో విడతలో బోధకురాలు రెండో గదిలోని ఫోను తీసి తన సంచిలో వేసుకున్నారు. ఆ గదిలో నాతోపాటు ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, ఒక జూనియర్ కాలేజీ అధ్యాపకుడు ఉన్నారు. బంతి మా ముందే ఉంది. దాని స్థితి, ఒక అర్థంలో, అప్పటికే మా దగ్గరికి వచ్చేసింది. కానీ నాలుగు తిప్పుళ్లలో ఏది చెయ్యాలో తెలియక ముగ్గురం దాన్ని చూస్తూ కూర్చున్నాం. విద్యార్థి ‘ఏదో ఒకటి తిప్పేద్దాం సార్’ అన్నాడు. అలా ఆరుసార్లు తిప్పితే ఒక్కసారి కుదిరింది. అప్పుడు ఆమె వచ్చి చెప్పిన మాట నా నోటుపుస్తకంలో ఉంది: ‘మీరు ఇప్పటిదాకా ఎదురుచూసింది క్వాంటం కోసం కాదండీ, ఫోను కోసం.’ కాంతి కన్నా వేగంగా సమాచారం ఎందుకు వెళ్లదో ఇంతకన్నా సూటిగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. ఎంటాంగిల్ అయిన, అంటే ఒకదాని స్థితి మరొకదానితో ముడిపడిన, జంటలో ఒక కణాన్ని ఇక్కడ కొలిచిన ప్రభావం అవతలి కణం మీద ఎంత వెంటనే పడినా, ఆ రెండు బిట్లూ, అంటే చీటీ మీది 0, 1 అంకెల్లాంటి కొలత ఫలితం, మామూలు దారిలో, మామూలు వేగంతో వచ్చేదాకా అవతలివారి చేతిలో ఉన్నది అర్థంలేని యాదృచ్ఛికతే.

ఈ ఆటకు ఒక లోపం ఉంది, దాన్ని దాచకుండా చెప్పిన ఘనత కూడా ఆమెదే. రెండో గదిలోని బంతిని ముందుగా తిప్పి పెట్టింది వాళ్ల సహాయకుడు. చీటీ ఏదో అతనికి ముందే తెలుసు. నిజమైన ఫొటాన్లలో అలాంటి సహాయకుడెవడూ లేడు, ఉండడానికి వీల్లేదు కూడా. ఆ సంగతిని ప్రయోగాలతో రుజువు చేసినందుకే ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ భాగానికి ఇంకో అరగంట కేటాయించి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తరువాతి గంట నా బోటివాడి కోసమే పెట్టారా అన్నట్టు ఉంది. విషయం: 2004లో వియన్నాలో డాన్యూబ్ నదికి ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు 600 మీటర్ల దూరం జరిగిన టెలిపోర్టేషన్ ప్రయోగం. ఫొటాన్ ప్రయాణించే దారి నది అడుగున, నగరపు మురుగునీటి సొరంగంలో వేసిన 800 మీటర్ల ఆప్టికల్ ఫైబర్. ఇందాక మేము ఫోనులో చెప్పుకున్న రెండంకెల కబురు ప్రయాణించింది మాత్రం నది పైన, గాలిలో, ఒక మైక్రోవేవ్ లింకు మీద. కింద క్వాంటం, పైన రేడియో అన్నమాట. ఆ బొమ్మను తెర మీద చూసినప్పుడు, కృష్ణకు అటూ ఇటూ డిష్షులు బిగించి లైన్ ఆఫ్ సైట్ కోసం దుర్భిణిలో చూసిన రోజులు గుర్తుకొచ్చి, నేను ఇంతకాలం చేసింది ఏమంత చిన్న పని కాదనిపించింది.

ఆ ప్రయోగంలో రేడియోను వాడడానికి కారణం సరదా కాదు. గాజు ఫైబర్‌లో కాంతి నెమ్మదిస్తుంది. సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. 800 మీటర్లు దాటడానికి దానికి 4 మైక్రోసెకన్లు కావాలి. గాలిలో మైక్రోవేవ్ సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది గనుక 600 మీటర్లను 2 మైక్రోసెకన్లలో దాటేస్తుంది. అంటే కబురు ముందు, ఫొటాన్ వెనక. ఆ కాస్త వ్యవధిలోనే అవతలి ఒడ్డున దిద్దుబాటు పరికరం సిద్ధమై, ఫొటాన్ రాగానే తిప్పవలసిన తీరుగా తిప్పుతుంది. ఈ లెక్కను బోర్డు మీద మా చేత చేయించారు. ‘వైర్‌లెస్ నెట్‌వర్కుల్లో క్వాంటం టెలిపోర్టేషన్’ అన్న పేరుకు నిజంగా న్యాయం జరిగింది ఈ గంటలోనే. ఆ పేరులోని వైర్‌లెస్ క్వాంటం స్థితిని మోసేది కాదు, ఆ స్థితికి అర్థం చెప్పే రెండు బిట్లను మోసేది. నిర్వాహకులకు ఈ సంగతి అర్థమై ఉంటే కరపత్రం మీద వైఫై గుర్తు బదులు ఒక డిష్షు వేసేవారు.

భోజనం బాగుంది; గోంగూర పచ్చడి మరీ బాగుంది. హాలులో ఏసీ పనిచేసింది, ప్రొజెక్టరు రెండుసార్లు ఆగింది. ఇరవై ఆరుగురం వచ్చాం, చాలామంది విద్యార్థులే. ఇంతకన్నా చెప్పుకోవలసినదేమీ లేదు.

మధ్యాహ్నం తరగతి స్వేచ్ఛాకాశంలో, అంటే ఫైబర్ లేకుండా గాలిలోనూ అంతరిక్షంలోనూ, జరిగిన ప్రయోగాల గురించి. 2012లో కెనరీ దీవుల్లో లా పాల్మా నుంచి టెనెరీఫ్‌కు సముద్రం మీదుగా 143 కిలోమీటర్ల దూరం జరిగిన టెలిపోర్టేషన్, 2016 ఆగస్టులో చైనా పంపిన మీషియస్ ఉపగ్రహంతో ఆ తరువాత జరిగిన ప్రయోగాలు చెప్పారు. ఇక్కడే చేతికిచ్చిన అరవై పేజీల పుస్తకంలో ఒక పెద్ద పొరపాటు కనిపించింది. మీషియస్ రెండు భూకేంద్రాల మధ్య ఫొటాన్ స్థితిని టెలిపోర్ట్ చేసిందని అందులో అచ్చయింది. అది నిజం కాదు. 2017లో ప్రకటించిన ఆ ప్రయోగంలో స్థితి వెళ్లింది టిబెట్‌లోని న్గారి కేంద్రం నుంచి పైనున్న ఉపగ్రహానికి. దూరం గరిష్ఠంగా 1,400 కిలోమీటర్లు. రెండు భూకేంద్రాలకు ఉపగ్రహం ఎంటాంగిల్ అయిన ఫొటాన్లను పంచిన ప్రయోగం వేరు. నేను చెయ్యెత్తి ఈ మాట చెబితే బోధకురాలు వెంటనే ఒప్పుకుని అందరి పుస్తకాల్లోనూ పెన్నుతో దిద్దించారు. పుస్తకం రాసింది ఆమె కాదని తరువాత తెలిసింది.

మీషియస్ గురించి ఆమె చెప్పిన అంకెలు మాత్రం కరపత్రాన్ని చదివి వచ్చిన వారందరూ రాసుకోవలసినవి. రోజుకొక్కసారి చొప్పున ఉపగ్రహం 32 సార్లు ఆ కేంద్రం మీదుగా వెళ్లినప్పుడు కూడబెట్టిన ఫలితాలు మొత్తం 911. అంటే ఒక్కో రాత్రికి ముప్ఫై కూడా కాదు. మన ఫోనులో ఒక శుభోదయం సందేశానికి పట్టే బిట్లు ఇంతకన్నా ఎన్నో రెట్లు. అయినా ఆ 911 విలువైనవే, ఎందుకంటే పంపిన స్థితికీ అందిన స్థితికీ పోలిక 80 శాతం వచ్చింది. ఎంటాంగిల్‌మెంట్ లేకుండా ఎంత నేర్పుగా కొలిచి కబురు చేసినా ఆ పోలిక సగటున మూడింట రెండు వంతులు దాటదు. వేగం కోసం కాదు, ఈ తేడా కోసమే శాస్త్రజ్ఞులు అంత ఎత్తున, అంత చలిలో రాత్రుళ్లు మేల్కొన్నారు.

ఆదివారం ఉదయం ఆ ఇంజనీరింగ్ విద్యార్థే అసలు ప్రశ్న అడిగాడు: ‘సార్, ఇవన్నీ లేజరుతో చేశారు కదా, మన రౌటరుతో ఎందుకు చెయ్యకూడదు?’ ఆ పూట తరగతి తీసుకున్నది మరో బోధకుడు. ఆయన ‘భవిష్యత్తులో వస్తుంది’ అని దాటేశారు. నా దృష్టిలో ఈ వర్క్‌షాపులో జరిగిన అతి పెద్ద లోపం ఇదే. పేరులో వైర్‌లెస్ అని పెట్టుకున్న తరగతి ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా విద్యార్థిని ఇంటికి పంపకూడదు.

జవాబు కష్టమైనది కూడా కాదు. రేడియో పనిలో ఉన్న ఎవరికైనా ఉష్ణ రొద తెలుసు; వేడిగా ఉన్న ప్రతి వస్తువూ రేడియో తరంగాలను వెదజల్లుతూనే ఉంటుంది. క్వాంటం భాషలో చెబితే అవి కూడా ఫొటాన్లే. గది ఉష్ణోగ్రత దగ్గర, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ వద్ద, ఒక్కో తరంగ రీతిలో ఇలాంటి రొద ఫొటాన్లు సగటున రెండున్నర వేలకు పైగా ఉంటాయి. మనం పంపే ఒకే ఒక్క ఫొటాన్‌ను ఆ గుంపులో వెతకడమంటే తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాడి గొంతు పోల్చుకోవడమే. ఫైబర్‌లో వాడే కాంతి పౌనఃపున్యం వైఫై కన్నా దాదాపు ఎనభై వేల రెట్లు ఎక్కువ. అక్కడ గది వేడిమి పుట్టించే రొద లెక్కలోకి రానంత తక్కువ. అందుకే క్వాంటం స్థితిని కాంతి మీద ఎక్కిస్తారు, కబురును రేడియో మీద పంపుతారు. మైక్రోవేవ్ మీదే టెలిపోర్టేషన్ చేసినవారు లేకపోలేదు: జర్మనీలో మ్యూనిక్ దగ్గరి గార్హింగ్‌లో ఒక బృందం 2021లో ఆ పని చేసి చూపింది. అయితే పరికరాలన్నిటినీ పరమ శూన్య ఉష్ణోగ్రతకు అతి దగ్గరగా చల్లబరిచి, 42 సెంటీమీటర్ల దూరానికి చేసింది. ఈ వివరం టీ విరామంలో ఆ విద్యార్థికి నేనే చెప్పాను. అతను ‘42 కిలోమీటర్లా సార్?’ అని రెండుసార్లు అడిగాడు.

నెట్‌వర్కుల పాఠం మాత్రం మళ్లీ మొదటి రోజు బోధకురాలి చేతికి రావడంతో తేరుకుంది. మా కాలంలో నలభై యాభై కిలోమీటర్లకో రిపీటర్ టవర్ ఉండేది. వచ్చిన బలహీనమైన సిగ్నల్‌ను బలపరిచి ముందుకు తోసేది. క్వాంటం స్థితిని అలా బలపరచలేము, ఎందుకంటే బలపరచడమంటే నకళ్లు తియ్యడం, తెలియని స్థితికి నకలు తియ్యడం సాధ్యం కాదని 1982లోనే రుజువైంది. మరి దూరం ఎలా దాటాలి? ఎంటాంగిల్‌మెంట్ స్వాపింగ్ అనే పద్ధతిని ఆమె రిబ్బన్లతో చూపించారు. ఒక చివరి మనిషికీ మధ్య మనిషికీ ఒక రిబ్బను, మధ్య మనిషికీ రెండో చివరి మనిషికీ మరో రిబ్బను కట్టి, మధ్య మనిషి తన దగ్గరి రెండు కొసలనూ ముడివేసి పక్కకు తప్పుకుంటాడు. ఇప్పుడు ఒకరినొకరు ఎన్నడూ చూడని ఆ చివరివారిద్దరూ జంట. మధ్యలో ఎన్ని మజిలీలున్నా ఇదే వరస. ప్రతి మజిలీలోనూ మధ్య మనిషి తన కొలత ఫలితాన్ని మామూలు దారిలో కబురు చేస్తేనే జంట పనికొస్తుందని, అందువల్ల క్వాంటం నెట్‌వర్కు పెరిగేకొద్దీ మామూలు నెట్‌వర్కు అవసరం కూడా పెరుగుతుందని చెప్పినప్పుడు, నాకు పక్కనున్న అధ్యాపకుడు ‘అయితే మీ శాఖకు ఢోకా లేదండీ’ అన్నారు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ప్రేమ్ కుమార్ బృందం 2024లో ప్రకటించిన ఫలితాన్ని కూడా ఇక్కడే చెప్పారు: సెకనుకు 400 గిగాబిట్ల మామూలు ఇంటర్నెట్ రద్దీ నడుస్తున్న 30 కిలోమీటర్ల ఫైబర్‌లోనే, ఆ రద్దీకి చెదరని తరంగదైర్ఘ్యం ఎంచుకుని, టెలిపోర్టేషన్ కూడా చేశారు. ఇలాంటి రోజువారీ ఇంజనీరింగ్ నాకు మీషియస్ కన్నా ముచ్చటగా అనిపించింది.

చివరి పూట ప్రాక్టికల్. ‘నిజమైన క్వాంటం కంప్యూటర్ మీద’ అని కరపత్రంలో రాశారు. అక్కడ చూపింది ల్యాప్‌టాప్‌లోని సిమ్యులేటర్, అంటే ఆ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం. ఇది మాట తప్పడమే. ఐబీఎం సంస్థ 2016లోనే 5 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్ వాడే బిట్లు) యంత్రాన్ని ఇంటర్నెట్ ద్వారా అందరికీ అందుబాటులోకి తెచ్చింది గనుక, నిజమైన యంత్రం దొరకలేదన్న సాకు నిలవదు. అయినా సిమ్యులేటర్ మీద చేయించిన పని మంచిదే. మూడు క్యూబిట్ల సర్క్యూట్ గీసి, ‘1’ స్థితిని టెలిపోర్ట్ చేసి, 1,024 సార్లు నడిపితే అవతలి క్యూబిట్‌లో 1,024 సార్లూ 1 వచ్చింది. చివర ఉన్న రెండు దిద్దుబాట్లనూ తీసేసి మళ్లీ నడిపితే 1లు సుమారు సగానికి పడిపోయాయి. అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. ముందురోజు మా గదిలో ఫోను లాక్కున్నప్పుడు జరిగింది ఇప్పుడు అంకెల్లో కనిపించింది. నిజమైన యంత్రం మీద నడిపి ఉంటే మొదటి అంకె 1,024 కన్నా ఎందుకు తగ్గుతుందో కూడా తెలిసేది, ఆ తగ్గుదలే ఈ రంగంలో ఉన్నవారి అసలు తలనొప్పి.

పుస్తకంలో ఇంకొక గందరగోళం ఉంది. క్వాంటం కీ పంపిణీని, టెలిపోర్టేషన్‌ను ఒకే శీర్షిక కింద కలిపేశారు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ప్రయోగశాలల మధ్య డీఆర్‌డీఓ జరిపిన ప్రయోగాన్ని, 2021లో అహ్మదాబాద్‌లో ఇస్రో 300 మీటర్ల దూరం గాలిలో జరిపిన ప్రయోగాన్ని టెలిపోర్టేషన్ ఉదాహరణలుగా చూపారు. అవి రెండూ రహస్య తాళంచెవిని పంచుకునే ప్రయోగాలు, గొప్పవే, కానీ టెలిపోర్టేషన్ కాదు. మనవాళ్లు చేశారన్న సంబరంలో చెయ్యనిది అంటగట్టడం వాళ్లకు గౌరవం కాదు.

ఎవరు వెళ్లవచ్చు? ఇంటర్ స్థాయి భౌతికశాస్త్రం, మాత్రికల గుణకారం గుర్తున్న విద్యార్థులకు, పాఠశాలల్లో ఈ విషయం చెప్పాలనుకునే ఉపాధ్యాయులకు మొదటి రోజు తప్పక ఉపయోగపడుతుంది. ఒక్క శనివారానికే 2,500 రూపాయలకు ప్రవేశం ఉందట, నాకు తెలియక రెండు రోజులకూ కట్టాను. టెలికాం ఉద్యోగులు డాన్యూబ్ గంట కోసమైనా వెళ్లవచ్చు. ఉద్యోగం వస్తుందన్న ఆశతో సర్టిఫికెట్ కోసం వెళ్లేవారు మాత్రం ఆ కాగితం మీద ‘హాజరయ్యారు’ అని మాత్రమే ఉంటుందని గమనించాలి. కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఆదివారం ఉదయం పాఠం ఎవరు చెబుతారు, ప్రాక్టికల్ ఏ యంత్రం మీద.

నా ఫిర్యాదులన్నీ ఒక ఉత్తరంలో రాసి సంస్థకు పంపాను. మర్యాదగా జవాబిచ్చారు, పుస్తకం మలి ముద్రణలో దిద్దుతామన్నారు. నిన్న తరువాతి బ్యాచి కరపత్రం వాట్సాప్‌లో వచ్చింది. ‘కాంతి కన్నా వేగంగా’ అన్న మాట తీసేశారు. వైఫై గుర్తు అలాగే ఉంది, రుసుము 5,000 అయింది.